కాఫీ గ్లాసు, వరద నీరు, నాలుగు ఇంగ్లీషు మాటలు

పొద్దున్నుంచి ఒకటే ముసురు. కొబ్బరి దింపు వాయిదా పడింది, ఉతికిన బట్టలన్నీ వరండాలో దండేల మీదే ఉన్నాయి. పైనుంచి గోదావరి వరద దిగుతోందని నిన్నటి నుంచి ఊరంతా ధవళేశ్వరం కబురు కోసమే చూస్తోంది. మావారు పళ్లు తోముకోకముందే ఫోనులో నీటిమట్టం చూసి, "11 అడుగులు దాటింది, ఇంకా మొదటి హెచ్చరిక ఇవ్వలేదు" అన్నారు.

కాలేజీకి సెలవు ఇవ్వడంతో పక్కింటి అమ్మాయి మధ్యాహ్నమే పుస్తకం పట్టుకుని వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. ఆ పుస్తకంలో ఒక పట్టిక. ఫెయిర్లీ, క్వైట్, రాదర్, ప్రెటీ నాలుగూ ఒకే వరుసలో ఉన్నాయి. వాటికి ఎదురుగా "కొంతవరకు" అని ఒక్కటే అర్థం ఇచ్చారు. ఇవి సమానార్థకాలట, ఒకదాని బదులు మరొకటి వాడుకోవచ్చట.

"పిన్నీ, నాలుగూ ఒకటే అయితే నాలుగు ఎందుకు ఉన్నాయి?" అని అడిగింది.

ఇంత మంచి ప్రశ్న విని చాలా కాలమైంది. ఇలాంటి పట్టికలంటే నాకు కోపం. పిల్లలు వాటిని కంఠతా పట్టి పరీక్ష గట్టెక్కుతారు గాని, ఆ మాటలు ఏ పని కోసం పుట్టాయో ఎన్నటికీ తెలుసుకోరు.

ఇద్దరికీ కాఫీ కలిపి, పొగలు కక్కుతున్న గ్లాసు తన ముందు పెట్టాను. ఈ చలిలో ఆ వేడి హాయిగా అనిపిస్తే ఫెయిర్లీ అనాలని చెప్పాను. కాసేపు చల్లారితే బాగుండునని అనిపిస్తే రాదర్. నోట పెట్టలేనంతగా కాలుతుంటే టూ (too). వేడి ఎంత ఉందన్నది థర్మామీటరు చెబుతుంది. ఆ వేడి మనకు నచ్చిందా లేదా అన్నది ఈ చిన్న మాటలు చెబుతాయి. తను గ్లాసు అంచు పెదవికి ఆనించి, చటుక్కున తీసేసి, "టూ" అంది. మన "మరీ" కూడా ఇదే పని చేస్తుంది. "చాలా వేడిగా ఉంది" అంటే మెచ్చుకోలు కావచ్చు, "మరీ వేడిగా ఉంది" అంటే ఫిర్యాదే.

వరద సంగతే చూడమన్నాను. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఈ అంకెలు అందరికీ ఒకటే. కాని రెండవ హెచ్చరిక వచ్చిందంటే గట్టుకు ఇవతల డాబా ఉన్నవారు "ఫర్వాలేదు" అంటారు, నది నడుమ లంకలో పాక ఉన్నవారు మూటాముల్లె సర్దుకుంటారు. అదే నీటికి ఒకరు ఫెయిర్లీ అంటే మరొకరు రాదర్ అంటారు. మాట్లాడే మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ఆ మాటలోనే తెలిసిపోతుంది. పట్టిక తుడిచేసింది సరిగ్గా దీన్నే.

అయితే రాదర్ ఎప్పుడూ విసుగుకే కాదు. మంచి గుణం ముందు చేరితే, అనుకున్నదానికన్నా మెరుగ్గా ఉందన్న చిన్న ఆశ్చర్యం ధ్వనిస్తుంది. ఇది ఒక్కరోజులో పట్టుబడదు, చదవగా చదవగా చెవికి అలవాటు కావాలి.

క్వైట్ దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగాం. దాని మొదటి అర్థం "పూర్తిగా". అసాధ్యం, ఖాళీ వంటి మాటల ముందు ఇప్పటికీ అదే అర్థం. అసాధ్యంలో కొంచెం అసాధ్యం, ఎక్కువ అసాధ్యం అని ఉండవు కదా. అదే "మంచి" వంటి మాట ముందుకు వస్తే ఇంగ్లండులో సాధారణంగా ఓ మోస్తరుకు దిగిపోతుంది, అమెరికాలో మాత్రం "చాలా"కు దగ్గరగా ఉంటుంది. ఒకే ప్రశంసను ఒకరు చప్పగా అంటే మరొకరు పొంగిపోతారన్నమాట. ప్రెటీ గురించి పెద్దగా చెప్పలేదు: కబుర్లలో వాడుకో, దరఖాస్తులో వద్దు.

వెరీ మూలం పాత ఫ్రెంచిలో "నిజమైన" అనే మాట. మనం "నిజంగా బాగుంది" అనడం లేదూ, ఆ దారిలోనే వచ్చింది. మన పిల్లలు దీన్ని బెటర్ ముందు కూడా పెట్టేస్తారు. తెలుగులో "చాలా మంచిది", "చాలా నయం" రెండూ చెల్లుతాయి కాబట్టి ఆ అలవాటు వచ్చింది. ఇంగ్లీషులో పోలిక ఉన్నచోట మచ్ గాని ఫార్ గాని రావాలి. గడ్డకట్టేంత చలి అనే అర్థమున్న ఫ్రీజింగ్ ముందు కూడా వెరీ కుదరదు, అబ్సల్యూట్లీ కావాలి. ఎందుకని అడిగితే ద్విరుక్తటకార సంధి గుర్తు చేశాను. పట్టపగలు, నట్టనడుమ, చిట్టచివర. "చాలా పట్టపగలు" అంటామా? ఆ మాట అప్పటికే నిండుగా ఉంది. తన ముఖం వెలిగింది.

ఇంతలో లంక నుంచి పాలు తెచ్చే మామ్మ వచ్చింది. పడవలు ఆపేస్తారేమోనని తొందరగా వచ్చిందట. పునరావాస కేంద్రానికి వెళతావా అని అడిగితే, "గేదెలను వదిలేసి బడిలో పడుకునే కంటే గట్టు మీదే ఉంటానమ్మా" అంది. వుడ్ రాదర్ అంటే ఇదే. పాత ఇంగ్లీషులో "త్వరగా" అనే మాటకు "ఇంకా త్వరగా" అనే రూపమే రాదర్. రెండు దారుల్లో మనసు ముందుగా ఎటు పరుగెత్తుతుందో అదే ఇష్టం. అందుకే వుడ్ సూనర్ అన్నా ఇదే అర్థం వస్తుంది. ప్రిఫర్ ఎక్కువగా ఎప్పుడూ ఉండే అభిరుచికి వాడతారు, వుడ్ రాదర్ ఈ పూట ఎంచుకునే దారికి. వుడ్ రాదర్ తరువాత క్రియ ముందు టు (to) చేరదు. ఇంకొకరు ఏదైనా చేయాలనో మానాలనో కోరుకుంటే, అది రేపటి పనైనా క్రియను భూతకాలంలో పెట్టాలి. మనం "వెళ్లకు" అనకుండా "వెళ్లకపోతే బాగుంటుంది" అని మెత్తగా చెప్పినట్టే ఉంటుంది ఆ మాట తీరు.

మామ్మకు గొడుగు ఇచ్చి పంపాను. సాయంత్రం మొదటి హెచ్చరిక జారీ అయింది. రేపూ సెలవేనట, హార్డ్లీ, స్కేర్స్లీ, బేర్లీ మొదలుపెట్టాలి. హార్డ్ అంటే గట్టిగా, కష్టపడి. హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. ఆ పుస్తకం ఈ రెండింటినీ కూడా ఒకే గాటన కట్టిందేమో, తను వచ్చేలోపే చూసి పెట్టుకోవాలి.