పుర్రచేతివాడి తర్వాతి చాకు

నాది పుర్రచెయ్యి. అన్నం తినే చేతిని మాత్రం చిన్నప్పుడే తిట్టి తిట్టి కుడికి మార్చారు. చాకు పట్టుకునేసరికి ఎడమచెయ్యే ముందుకొస్తుంది. మడత చాకులు పోగేసేవాడికి ఇది చిన్న సంగతేం కాదు. ప్రపంచంలో సగానికి సగం చాకులు కుడిచేతి వాళ్లని తలుచుకుని చేసినవే. ఆ ముక్క కుడిచేతి వాళ్లకి చెబితే నవ్వుతారు.

రోజూ నా జేబులో ఉండేది విక్టోరినాక్స్ కేడెట్. 84 మిల్లీమీటర్ల పొడవు, గరుకు అల్యూమినియం పిడి. చొక్కా జేబులో ఉన్నా ఉన్నట్టు తెలీదు. పెద్ద బ్లేడుకి గోరు పెట్టి లాగే గాడి ఒకపక్కే ఉంటుంది కాబట్టి నేను దాన్ని తిరగేసి పట్టుకుని తెరుస్తా. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా చూస్తే కొత్తగా నేర్చుకుంటున్నా అనుకుంటారు. అసలు ఈ విక్టోరినాక్స్ కంపెనీ పెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1897లో తన ఆఫీసర్ల చాకుకి కార్కు తీసే మర తగిలించాడు చూడండి, దాని మెలిక కూడా కుడిచేతి తిప్పుడికే. మనకి సీసాల గొడవ లేదు కాబట్టి ఆ పాపం క్షమించేశా.

క్షమించలేనిది ఇంకొకటుంది. ఆన్‌లైన్‌లో కొన్నది, పేరెందుకులెండి. బ్లేడు తెరిచాక లోపలి రేకు పక్కకి వచ్చి దాన్ని నిలబెట్టే రకం. మూయాలంటే ఆ రేకుని తోయాలి. కుడిచేతివాడికి బొటనవేలు సరిగ్గా దాని మీదే పడుతుంది. నేనేమో చూపుడువేలు మడిచి, లోపలికి దూర్చి, కళ్లు చిట్లించి తోయాలి. తోసేటప్పుడు బ్లేడు వచ్చే దారిలోనే వేలుంటుంది. అది బీరువా అడుగుకి చేరింది.

ఎడమా కుడీ ఎరగని చాకులూ ఉన్నాయి. ఒపినెల్ నంబర్ 8 చాలావరకు అలాంటిదే. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండల పక్క 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన రకం. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, బీచ్ అనే చెట్టు చెక్కతో గుండ్రటి పిడి, మెడ దగ్గర తిరిగే ఉంగరం. ఆ ఉంగరం 1955లో వచ్చింది. తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది, ఏ చేత్తో తిప్పినా ఒకటే. నా దగ్గరున్నది కార్బన్ స్టీలుది. మామిడికాయ కోస్తే మా నాయనమ్మ కత్తిపీటలాగే నల్లబడుతుంది. నాకు ఆ నలుపు ఇష్టం, మా ఆవిడకి అసహ్యం.

ఒపినెల్‌తో చిక్కు వేరే. మాది రాజమండ్రి. వర్షాలు మొదలయ్యాయంటే ఆ చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, బ్లేడు లోపలే పట్టేస్తుంది. గోరు విరుగుతుందే గానీ అది రాదు. దానికి సవోయ్ వాళ్ల దగ్గరే ఒక ఉపాయం ఉంది. ఉంగరం వదులు చేసి, పిడి అడుగుభాగాన్ని బల్ల మీద టక్కున కొడితే బ్లేడు కొస తనంతట తానే పైకి లేస్తుంది. అది పట్టుకుని లాగడమే. పిడికి ముందుగా అవిసె నూనె పట్టిస్తే కొంత నయం. కొంతే.

ఇంకొకటి హిగోనోకామి. జపాన్‌లో మికి ఊళ్లో చేస్తారు. ఇత్తడి రేకు మడిచి పిడి చేసేశారు, అంతే. స్ప్రింగు లేదు, లాకు లేదు. బ్లేడు వెనకాల చిన్న తోకలాంటి మీట ఉంటుంది, కోసినంతసేపూ బొటనవేలితో దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకునేవారట దీంతో. 1960 తర్వాత పిల్లల చేతుల్లో కత్తులు వద్దని ఊరూరా అనడంతో అమ్మకాలు పడిపోయి, ఇప్పుడు ఆ పేరుతో చేసే కుటుంబం ఒక్కటే మిగిలింది. ఇత్తడి రంగు మారి, నాకు నచ్చిన మట్టి ఛాయకి వచ్చిందనుకునేలోపు మా ఆవిడ చింతపండు పెట్టి తోమేసింది. దేవుడి గంటలతో పాటు.

ఇప్పుడు అసలు విషయం. ఆషాఢంలో మా మేనకోడలు జర్మనీలో స్టుట్‌గార్ట్ నుంచి వస్తోంది. "మావయ్యా, చెకిన్ బ్యాగులో ఒక్క చాకు తెస్తా. ఒక్కటే. రెండోది అడిగావంటే అత్తకి చెప్పేస్తా" అంది. అప్పట్నుంచి నాకు వేరే పని లేదు.

ముందు మనసుకి తగిలింది బక్ 110. 1964 నుంచీ అమెరికాలో చేస్తున్నారు. రెండు కొసలా ఇత్తడి, మధ్యలో ముదురు చెక్క, వీపు మీద నొక్కితే వదిలే లాకు. ఆ లాకుతో పుర్రచేతికి ఏ ఇబ్బందీ లేదు. కానీ రెండొందల గ్రాముల దాకా బరువు. జేబులో వేస్తే చొక్కా ఒకపక్కకి జారిపోతుంది. బెల్టుకి తోలు సంచీ కట్టుకుని కాలేజీకి వెళ్తే ప్రిన్సిపాల్ గారు ముందు నన్ను పిలిచి, తర్వాత పోలీసుల్ని పిలుస్తారు. చట్టం సంగతికొస్తే, ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు కావాలన్నది 9 అంగుళాల కన్నా పొడుగో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడుకి. నా చాకులేవీ ఆ దరిదాపుల్లో లేవు. అయినా ప్రిన్సిపాల్ గారికి నిబంధనలు చదివి వినిపించే ఓపిక నాకు లేదు.

స్పైడెర్కో డెలికా కూడా చూశాను. బ్లేడులో గుండ్రటి కన్నం, ఏ బొటనవేలితోనైనా తెరవచ్చు, క్లిప్పు కూడా కావలసిన వైపుకి మార్చుకోవచ్చు. పుర్రచేతివాడి గురించి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించారన్నమాట. కానీ ప్లాస్టిక్ పిడి. తప్పేమీ లేదు దాంట్లో, చూస్తే ప్రేమ పుట్టలేదు. పెళ్లిచూపుల భాషలో చెప్పాలంటే, అబ్బాయి మంచివాడే.

చివరికి తేల్చింది కడియపులంకలో ఒక నర్సరీ ఆయన. నేను బోటనీ చెబుతాను గానీ మామిడి అంటు కట్టడం పుస్తకంలో చెప్పినంత తేలిక కాదు. లేత మొక్క తల కోసేసి, మధ్యలో చీల్చి, అంటుకొమ్మ అడుగుని రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపాలి. బెరడు కింది పచ్చపొర, ఆ పొరకి ఈ పొర తగలాలి. తగలాలంటే కోత చదునుగా ఉండాలి. చదునుగా ఉండాలంటే ఒక్క లాగుడులో తెగాలి. రెండోసారి చెక్కితే ఎత్తుపల్లాలొస్తాయి, మధ్యలో గాలి నిలుస్తుంది, పదిరోజుల్లో కొమ్మ నల్లబడుతుంది.

కేడెట్‌తో ఎంత జాగ్రత్తగా లాగినా నా కోత గరిటెలా గుంట పడేది. ఎందుకంటే దానికి రెండువైపులా సాన. పుల్లలో దిగాక ఆనుకోవడానికి చదునైన చోటు లేక వాదర పైకో కిందకో మళ్లుతుంది. అంటు కట్టే చాకుకి సాన ఒకవైపే ఉంటుంది. రెండోవైపు అద్దంలా చదును. ఆ చదునుభాగం పుల్లకి ఆనుకుని జారుతుంది కాబట్టి కోత గీత గీసినట్టు వస్తుంది. నర్సరీ ఆయన తన చాకు ఇచ్చి "చూడండి మాస్టారూ" అన్నారు. లాగాను. ఇంకా ఘోరంగా వచ్చింది. ఆయన ఒక నిమిషం నా చేతినే చూసి, "మీ చేతికి ఇది తిరగబడిందండీ" అన్నారు. నిజమే. ఎడమచేత్తో పట్టుకుంటే చదునువైపు గాల్లోకి పోయి, సానవైపు పుల్లకి ఆనుతోంది. వాదర లోపలికి దిగకుండా పైకి తన్నేస్తోంది. కుడిచేత్తో ఆయన కోసిన కొమ్మ మీద తడి మెరుస్తోంది, నేను కోసింది ఎలక కొరికినట్టుంది.

ఇంటికొచ్చి వెతికితే దొరికింది. స్టుట్‌గార్ట్‌కి దక్షిణాన రాయిట్లింగెన్ అనే ఊళ్లో టీనా అనే కంపెనీ 1854 నుంచి ఉంది. తోటమాలుల చాకులకి పేరుపడ్డవాళ్లు. 605 అని నిటారు బ్లేడున్న అంటుచాకు, అక్రోటు చెక్క పిడి, కార్బన్ స్టీలు. మోడల్ నంబరు చివర ఎల్ అని ఉంటే సాన అటువైపు పెట్టిందన్నమాట, పుర్రచేతివాళ్లకి! గులాబీ కన్ను అంటించడానికి బెరడు లేపే నాలుక ఉన్న రకం కూడా చేస్తారు, అది నాకు అక్కర్లేదు. ధర చూసి మాత్రం కాసేపు లేచి నీళ్లు తాగొచ్చాను. మేనకోడల్ని డబ్బు తీసుకోమని గట్టిగా చెప్పాలి, తీసుకోదు.

అందంగా ఉంటుందా అంటే, ఉండదు. బక్ పక్కన పెడితే తాపీమేస్త్రీ సామానులా కనిపిస్తుంది. దాంతో యాపిల్ కోయకూడదు, పార్సిల్ టేపు కోయకూడదు, మా అబ్బాయి చేతికి అసలివ్వకూడదు. సాన పట్టడం కూడా ఒకవైపే. ఆ తర్వాత చదునువైపుని రాయి మీద పూర్తిగా పరిచి, అంచుకి లేచిన సన్నటి లోహపు పొర పోయేదాకా మెల్లగా రుద్దాలి, కొంచెం ఎత్తి పట్టినా దాని పని అయిపోయినట్టే. మామిడి సొన తగిలితే వెంటనే తుడిచి నూనె రాయాలి. లేకపోతే మన గాలికి తెల్లారేసరికి తుప్పు మచ్చలు.

పెరట్లో టెంకలు పాతి పెంచిన మొక్కలు సంచుల్లో పెన్సిలు మందానికి వచ్చాయి. ఆషాఢ శ్రావణాలు అంటుకి మంచి అదను. కొత్తపల్లి కొబ్బరి మామిడి కొమ్మలు ఇస్తానని మా బావగారు మాటిచ్చారు, కోసే వారం ముందు ఆకులు దూసి ఉంచమని ఆయనకి చెప్పాలి. సువర్ణరేఖ రెండు మొక్కలకి చాలు. బక్ సంగతి మేనకోడలు మళ్లీ ఏడాది వచ్చేటప్పుడు చూద్దాం. అప్పటికి అది ఒక్కటే తెస్తానన్న మాట మర్చిపోవచ్చు కూడా.