ఆర్‌హెచ్‌సీఎస్ఏ: రీబూట్ అయ్యాక మిగిలినదానికే మార్కులు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంట్లో కూర్చుని ఆర్‌హెచ్‌సీఎస్ఏకి, అంటే లినక్స్ సర్వర్లు నడిపేవాళ్లకి రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే పరీక్షకి, ప్రిపేరవుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నేను నెల్లూరులో ఒక ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర పనిచేస్తూ ఈ పరీక్ష పాసయ్యాను. మేం ఇళ్లకి ఫైబర్ కనెక్షన్లు ఇస్తాం, దాంతోపాటు షాపులవీ స్కూళ్లవీ వెబ్‌సైట్లు హోస్ట్ చేస్తాం. పగలు సర్వర్లు, రాత్రి చదువు. ఉద్యోగం లేకుండా పూర్తిగా దీనిమీదే కూర్చున్నవాళ్లకి నా పద్ధతి కాస్త గజిబిజిగా అనిపించొచ్చు.

పరీక్ష కోడ్ ఈఎక్స్200. బిట్ పేపర్ కాదు. మెషీన్ ముందు కూర్చోబెట్టి పనులిస్తారు, మూడు గంటల్లో చేసి చూపించాలి. 300కి 210 వస్తే పాస్. నెట్ ఉండదు, మెషీన్లో ఉన్న మ్యాన్ పేజీలే, అంటే కమాండ్లని వివరించే సహాయ పేజీలే, దిక్కు. నేను రాసింది రెడ్ హ్యాట్ లినక్స్ వెర్షన్ 9 మీద. 2025లో 10 వచ్చింది కాబట్టి, మీరు ఏ వెర్షన్‌కి కడుతున్నారో దాని సిలబస్ రెడ్ హ్యాట్ సైట్లోనే చూసుకోండి. పాత వీడియోలని నమ్ముకోవద్దు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

ఇక అసలు సంగతి. మీరు ఏ కమాండ్ ఎంత తెలివిగా కొట్టారో ఎవరూ చూడరు. మెషీన్‌ని రీబూట్ చేశాక మీరు చేసిన పని దానంతటదే నిలబడి ఉందా లేదా అన్నదే లెక్క. ఇది రూల్స్‌లోనే రాసుంటుంది. అందరూ చదువుతారు, చదివి వదిలేస్తారు. నాకు మాత్రం ఇది పుస్తకంలో కంటే ముందు ఆఫీసులోనే అర్థమైంది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందునుంచే నెల్లూరులో కుండపోత. మా ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీలు దిగిపోయి, జనరేటర్ అందుకునేలోపు సర్వర్లన్నీ పడిపోయాయి. కరెంటు రాగానే లేచాయి కూడా. కానీ ఒక్క కస్టమర్‌కీ లాగిన్ అవడం లేదు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. చూస్తే రేడియస్ సర్వీసు నడవట్లేదు. యూజర్ పేరూ పాస్‌వర్డూ సరిచూసి లోపలికి వదిలేది అదే, 1812 పోర్టు మీద. ఎప్పుడో ఎవరో దాన్ని స్టార్ట్ చేసి వదిలేశారు, ఎనేబుల్ చెయ్యలేదు. మెషీన్ నెలల తరబడి ఆగలేదు గనక ఆ లోపం బయటపడలేదు. మా సీనియర్ అన్న స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే, "స్టార్ట్ అంటే ఇవాళ్టికి, ఎనేబుల్ అంటే రేపటికి అబ్బయ్యా" అన్నాడు.

సిలబస్ మొత్తాన్ని ఈ కళ్లతోనే చదవండి. ఫైర్‌వాల్‌లో పోర్టు తెరిచారు, పర్మనెంట్ అని చెప్పకపోతే రీబూట్‌తో పోతుంది. డిస్క్ మౌంట్ చేశారు, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు ఎక్కించాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో లైను లేకపోతే అదీ పోతుంది. 9 సిలబస్‌లో ఉన్న పాడ్‌మ్యాన్ కంటైనర్‌ని (ప్రోగ్రాముని దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె) మామూలు యూజర్ పేరుమీద సర్వీసుగా పెట్టారు, ఆ యూజర్‌కి లింగర్ (లాగిన్ లేకపోయినా అతని సర్వీసుల్ని నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యకపోతే అతను లాగిన్ అయ్యేదాకా కంటైనర్ లేవదు. ఈ లింగర్ దగ్గర చాలామందికి మార్కులు పోతాయి. ఎందుకంటే చేసేటప్పుడు మనం లాగిన్ అయ్యే ఉంటాం, అంతా బ్రహ్మాండంగా నడుస్తూ కనిపిస్తుంది.

ఎఫ్ఎస్‌ట్యాబ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మిగతావి తప్పయితే ఆ ఒక్క పనికే మార్కులు పోతాయి. ఇందులో ఒక్క యూయూఐడీ (డిస్కుని గుర్తించే పొడవాటి నంబరు) తప్పు పడితే మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, మీరు చేసినవన్నీ దాంతోపాటే. కాబట్టి లైను రాసిన ప్రతిసారీ ముందు ఫైండ్‌మౌంట్‌ని వెరిఫై ఆప్షన్‌తో నడపండి, తర్వాత మౌంట్ హైఫన్ ఏ కొట్టండి, అప్పుడు రీబూట్. డిస్కు జాగాని అవసరాన్నిబట్టి పంచే ఎల్‌వీఎంలో వాల్యూమ్ పెంచేటప్పుడు ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి హైఫన్ ఆర్ ఇస్తే లోపలి ఫైల్ సిస్టం కూడా పెరుగుతుంది, లేకపోతే అది విడిగా చేసుకోవాలి. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టంని పెంచగలం గానీ తగ్గించలేం. సైజు రాసేముందు ఒకసారి ఆలోచించండి.

హోస్టింగ్ నుంచి వచ్చినవాళ్లకి ఎస్ఈలినక్స్, అంటే ఏ ప్రోగ్రాము ఏ ఫైలుని ముట్టుకోవచ్చో లేబుళ్లని బట్టి తేల్చే లినక్స్ కాపలా, దాని గురించి తెలిసిన పని ఒక్కటే, ఆఫ్ చెయ్యడం. చాలా హోస్టింగ్ ప్యానెళ్లు కూడా అదే అడుగుతాయి. పరీక్షలో ఆ వేషాలు కుదరవు. పోనీ పరీక్ష కోసమైనా దాన్ని సరిగ్గా నేర్చుకుంటే, రోజూ ఎదురయ్యే ఒక తలనొప్పికి మందు దొరుకుతుంది. కస్టమర్ పంపిన సైట్ ఫైళ్లని హోమ్ డైరెక్టరీలో విప్పి, ఎంవీ కమాండుతో వెబ్ డైరెక్టరీలోకి జరుపుతాం. పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉంటాయి, బ్రౌజర్‌లో మాత్రం 403, అంటే అనుమతి లేదని. ఎంవీ చేస్తే ఫైలు తన పాత లేబుల్‌తోనే వస్తుంది, సీపీతో కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ తీసుకుంటుంది. ఎల్ఎస్‌కి పెద్ద జెడ్ పెట్టి చూస్తే తేడా కనబడుతుంది, ఆ చోటికి తగిన లేబుల్ తిరిగి పెట్టే రెస్టోర్‌కాన్ కొడితే తీరిపోతుంది. సైటు మామూలు చోట కాకుండా వేరే డైరెక్టరీలో ఉంటే ముందు సీమేనేజ్‌తో ఆ దారికి లేబుల్ రాయించి, అప్పుడు రెస్టోర్‌కాన్. సీహెచ్‌కాన్‌తో నేరుగా పెట్టిన లేబుల్ రీలేబుల్ జరిగితే ఎగిరిపోతుంది, కాబట్టి దాని జోలికి వెళ్లొద్దు. వెబ్ సర్వర్ అపాచీని ఏదైనా కొత్త పోర్టులో నడపమంటే ఎస్ఈలినక్స్‌కి ఒకసారి, ఫైర్‌వాల్‌కి ఒకసారి, రెండు చోట్లా చెప్పాలి.

వీటిలో ఏదీ కంఠతా పట్టక్కర్లేదు. సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ మ్యాన్ పేజీలో చివరికి వెళితే వెబ్ డైరెక్టరీకి లేబుల్ పెట్టే ఉదాహరణ అచ్చంగా ఉంటుంది. నెట్‌వర్క్‌కి ఎన్ఎంసీఎల్ఐ ఎగ్జాంపుల్స్ అని వేరే పేజీయే ఉంది. మాటతో ఈ పేజీల్ని వెతికే మ్యాన్ హైఫన్ కే కొడితే ఏమీ రాకపోతే ముందు మ్యాన్‌డీబీ నడపండి. ప్రాక్టీసులో నెట్‌లో వెతకడం మానేసి, అవసరమైతే ఫోన్ పక్క గదిలో పడేసి, ఈ పేజీల్లోనే వెతుక్కోవడం అలవాటు చేసుకోండి. మొదట్లో నరకంగా ఉంటుంది.

సిలబస్‌లో చిన్నగా కనిపించే ఇంకో అంశం టైమ్ సర్వీస్. మెషీన్ గడియారాన్ని సరిచేసే క్రోనీ ఫైల్లో సర్వర్ లైను, రీస్టార్ట్, క్రోనీసీ సోర్సెస్‌లో నక్షత్రం గుర్తు వచ్చిందో లేదో చూడటం. రెండు నిమిషాల పని, సులువు మార్కులు. మా పనిలో మాత్రం దీని విలువ వేరు. ఐపీవీ4 అడ్రసులు చాలక మేం ఒకే పబ్లిక్ ఐపీ వెనక చాలా ఇళ్లని పెడతాం. పోలీసుల నుంచి లెటరొస్తే ఫలానా ఐపీ, ఫలానా పోర్టు, ఫలానా టైముకి ఎవరు వాడారని అడుగుతారు. మన గడియారం కొన్ని నిమిషాలు అటూ ఇటూ అయితే లాగ్ ఇంకెవరి ఇల్లో చూపిస్తుంది. లాగ్ యూటీసీలో ఉండి, చదివేవాడు ఇండియా టైమనుకుంటే ఏకంగా అయిదున్నర గంటల తేడా. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సర్వీస్ ప్రొవైడర్లు లాగులు 180 రోజులు ఉంచాలనీ, గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలనీ ఉంది. సిలబస్‌లో జర్నల్‌ని, అంటే సిస్టం రాసుకునే లాగ్‌ని, భద్రపరచడం అనే పాయింటు కూడా ఈ కుటుంబానిదే. వార్ లాగ్ కింద జర్నల్ డైరెక్టరీ లేకపోతే అది మెమరీలోనే రాసుకుని రీబూట్‌తో తుడిచేసుకుంటుంది.

ప్రాక్టీసుకి పెద్ద ఖర్చేం లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, వర్చువల్‌బాక్స్‌లో రెండు వీఎంలు, అంటే లాప్‌టాప్ లోపలే నడిచే ఉత్తుత్తి మెషీన్లు. రెడ్ హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ వ్యక్తులకి ఉచితం, 16 మెషీన్ల వరకు. అదీ వద్దనుకుంటే రెడ్ హ్యాట్‌లాగే పనిచేసే ఉచిత అల్మాలినక్స్, రాకీ ఉన్నాయి. 2024 జూన్ 30తో అలాంటిదే అయిన సెంటాస్ 7కి సపోర్టు అయిపోయాక మా సర్వర్లు కూడా అల్మాకే మారాయి. రాత్రి పడుకునేముందు వీఎంలు రెండూ రీబూట్ చేసి, చేసినవన్నీ నిలబడ్డాయో లేదో చూసుకోండి. యూపీఎస్ లేని పాత డెస్క్‌టాప్ వాడేవాళ్లు మా వైపు ఎండాకాలంలో ఆ శ్రమ కూడా పడక్కర్లేదు, కరెంటోళ్లే చూసుకుంటారు.

రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ తెలియకుండానే దాన్ని మార్చడం వేళ్లకి అలవాటయ్యేదాకా చెయ్యండి. బూట్ మెనూ గ్రబ్‌లో ఆపడం, ఆర్‌డీ డాట్ బ్రేక్, రీమౌంట్, సీహెచ్‌రూట్, పాస్‌వర్డ్, చివర్లో ఆటోరీలేబుల్ ఫైలు. ఆ చివరిది మర్చిపోతే కొత్త పాస్‌వర్డ్ కరెక్టే అయినా లోపలికి రానివ్వదు.

డంపులు, అంటే పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ జవాబులతో అమ్మే ఫైళ్లు, కొనకండి. నీతి కోసం చెప్పట్లేదు, ప్రశ్నలు బయటపెట్టబోమని పరీక్షకి ముందే ఒప్పుకుంటాం, అదెలాగూ ఉంది. డంపుల్లో వచ్చే జవాబులు చాలావరకు మెషీన్ రీబూట్ అయితే నిలబడవు, రాసినవాడు చెక్ చేసి ఉండడు. నన్ను ఫోన్ చేసి ఏం వచ్చాయని అడిగేవాళ్లకి కూడా ఇదే సమాధానం.

ఇంటి నుంచి రిమోట్‌గా రాయొచ్చు, సెంటర్‌కి వెళ్లీ రాయొచ్చు. నేను చెన్నై వెళ్లాను. ఇంటర్నెట్ ప్రొవైడర్‌లో పనిచేసేవాడు నెట్ మీద నమ్మకం లేక రైలెక్కాడని ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీండి. ఫీజు తక్కువేం కాదు, మధ్యలో ఫైబర్ తెగితే ఎవరితో చెప్పుకోవాలి? ముందురోజు సాయంత్రమే చేరుకోండి. ఫలితం మూడు పనిరోజుల్లోపే మెయిల్లో వస్తుంది.

పాసయ్యాక హోస్టింగ్ పనంతా వచ్చేసిందని అనుకోవద్దు. ఇందులో సైటు పేరుని ఐపీ అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ లేదు, మెయిల్ సర్వర్ లేదు. తర్వాతి మెట్టు ఆర్‌హెచ్‌సీఈ కూడా చాలా సర్వర్లకి ఒకేసారి పనులు చెప్పే అన్సిబుల్ వైపు వెళుతుంది. ప్రొవైడర్ల దగ్గర కావాల్సిన బైండ్ (డీఎన్ఎస్), అపాచీ (వెబ్), పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ (మెయిల్) అన్నీ కలిపి ఉన్నది లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఎల్‌పీఐసీ-2లో 202 పేపర్. ఎల్‌పీఐసీ-2 సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఎల్‌పీఐసీ-1 కూడా ఉండాలి. రాయకపోయినా దాని సిలబస్‌ని పనుల జాబితాగా వాడుకోవచ్చు, నేనదే చేస్తున్నాను. ప్రస్తుతం రెండు వీఎంలనీ ప్రైమరీ, సెకండరీ డీఎన్ఎస్ సర్వర్లుగా మార్చి, పేర్లూ అడ్రసులూ రాసుండే జోన్ ఫైల్లో సీరియల్ నంబర్ పెంచకుండా వదిలేస్తే సెకండరీ ఎంతసేపు పాత అడ్రసే చెబుతుందో చూస్తున్నాను.