అన్న పేరు పోయి నంబరు మిగిలింది

జనవరి 2. కొత్త సంవత్సరం సెలవు అయిపోయింది, కారు అద్దం మీద మంచు గీక్కుని అమెరికాలో కొలంబస్ దగ్గర క్లయింట్ ఆఫీసుకి ఎనిమిదింటికి చేరేసరికి మా మేనేజరమ్మ నా సీటు దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ అక్కడిదాకా వచ్చిందంటేనే సగం టెన్షన్. ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారి ఆరింటికల్లా షేర్ ఫోల్డర్‌లో పడాల్సిన బ్రాంచి రిపోర్టులు, 23 ఎక్సెల్ ఫైళ్లు, ఒక్కటీ రాలేదట.

రిపోర్టులు తయారుచేసే రిపోర్టింగ్ సర్వర్ తెరిచి చూస్తే 23 సబ్‌స్క్రిప్షన్లకీ, అంటే రిపోర్టు దానంతటదే నడిచి ఫోల్డర్‌లో పడేలా పెట్టిన ఏర్పాట్లకీ, ఒకటే ఎర్రర్, ఫలానా యూజర్ ఎవరో తెలియడం లేదని. ఆ ఫలానా యూజర్ మా అన్న. సొంత అన్న కాదు, ఖమ్మం ఆయన, నాకు ఈ ప్రాజెక్టులో పని నేర్పింది ఆయనే. డిసెంబర్ మధ్యలో కాంట్రాక్టు ముగించారు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, పండగల సీజన్లో ఇంటర్వ్యూలకి పిలిచేది ఎవరు, అందుకని ఆయన ఆఖరి రోజు దాకా ఆగకుండా సామాను అమ్మేసి పిల్లలతో హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇక్కడ ఐటీ వాళ్లు అకౌంట్ ఆపడం కాదు, ఏకంగా తీసేశారు. నెలకోసారి నడిచే రిపోర్టులు కాబట్టి ఆ సంగతి ఒకటో తారీఖు దాకా బయటపడలేదు.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి సెక్యూరిటీ ట్యాబ్ చూశాను. అన్న పేరు ఉండాల్సిన చోట 'అకౌంట్ అన్‌నోన్' అని, పక్కన బ్రాకెట్లో ఎస్-1-5-21తో మొదలై లైను చివరిదాకా సాగే నంబరు. విండోస్‌కి మనుషులు ఎప్పుడూ నంబర్లే, పేరు మన సౌకర్యం కోసం చూపిస్తుంది, అకౌంట్ తీసేస్తే చూపించడానికి పేరు ఉండదు. ఇది నాకు ముందే తెలుసు. అయినా పదేళ్లు పని చేసిన మనిషి పేరు అలా కనిపిస్తే కాసేపు మౌస్ కదపలేదు.

మేనేజరమ్మ చాలా తేలిగ్గా చెప్పింది, ప్రస్తుతానికి నీ ఐడీ పెట్టేయ్, తర్వాత చూద్దాం అని. కాంట్రాక్టర్‌కి కాదనడం ఎంత కష్టమో తెలిసిందే కదా. ఈసారికి చేత్తో తీసి ఇస్తానన్నాను. పోర్టల్‌లో ఒక్కో రిపోర్టు నడిపి, ఎక్సెల్‌లోకి దింపి, పేరు మార్చి ఫోల్డర్‌లో పెట్టేసరికి మధ్యాహ్నం రెండైంది, పొద్దున డబ్బాలో తెచ్చుకున్న పులిహోర నాలుగింటికి తిన్నాను.

ఇక అసలు పని. ఎవరి సొంత ఐడీ కాకుండా, ఇలాంటి పనులకే వాడే సర్వీస్ అకౌంట్ ఒకటి కావాలి. ఆ ఫారంలో ఓనర్ అని ఓ గడి ఉంటుంది, అందులో పర్మనెంట్ ఉద్యోగి పేరే రాయాలి, కాంట్రాక్టర్ పేరు రాస్తే తీసుకోదు. ఆ అకౌంట్ పెట్టి వాడేది నేను, ఓనర్ మాత్రం ఫోల్డర్ ఎప్పుడూ తెరవని మేనేజరమ్మ. మూడు అప్రూవల్స్, తొమ్మిది రోజులు. నేను కాదనకపోయి ఉంటే ఈ తొమ్మిది రోజులూ నా ఐడీయే నడిచేది, ఆ తర్వాత మార్చాలని ఎవరికీ గుర్తుండేది కాదు.

అకౌంట్ వచ్చాక కొత్త ఫైల్ సర్వర్‌లో షేర్ తెరిచాం, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ అందే ఫోల్డర్. రాసేవాళ్లకి ఒక గ్రూపు, చూసేవాళ్లకి ఇంకో గ్రూపు. రాసే గ్రూపుకి ఫోల్డర్ మీద మాడిఫై, అంటే రాసే, మార్చే అనుమతి, ఇచ్చాను. పరీక్షిస్తే యాక్సెస్ డినైడ్. గంటన్నర కొట్టుకున్నాను. షేర్‌కి ఒక పర్మిషన్, లోపల ఫోల్డర్‌కి వేరే పర్మిషన్ ఉంటాయి, నెట్‌వర్క్ నుంచి వచ్చేవాడికి రెండింటిలో ఏది ఎక్కువ కట్టడి చేస్తే అదే చెల్లుతుంది. ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వదలకపోతే ఏం లాభం. షేర్ దగ్గర ఎవ్రీవన్‌కి రీడ్ మాత్రమే అని మొదట్లో ఉన్నది అలాగే ఉండిపోయింది. అక్కడ రాసే గ్రూపుకి ఛేంజ్ ఇచ్చి, ఎవరు ఏం చేయొచ్చన్నది ఫోల్డర్ దగ్గరే బిగించాను.

చూసే గ్రూపులో వేసిన ఓ బ్రాంచి మేనేజర్‌కి మర్నాడు కూడా తెరుచుకోలేదు. ఆయన లాప్‌టాప్ ఎన్నడూ లాగాఫ్ చేయడు, మూత వేసి తీసుకెళ్తాడు. ఏ గ్రూపుల్లో ఉన్నామన్నది విండోస్ లాగిన్ అయినప్పుడే రాసుకుంటుంది, మధ్యలో మనం ఏ గ్రూపులో చేర్చినా దానికి పట్టదు. లాగాఫ్ చేసి మళ్లీ రమ్మంటే ఐదు నిమిషాల్లో అయిపోయింది. జెడ్ డ్రైవ్ గొడవ కూడా ఉంది గానీ దాని గురించి ఎక్కువ చెప్పను: అది షేర్‌కి మనం పెట్టుకునే పొట్టి పేరు, మీ లాగిన్‌కి మాత్రమే కనిపించే అక్షరం, సర్వర్‌కి రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి దారే ఇవ్వాలి.

పాత ఫోల్డర్‌లోవి కాపీ చేస్తుంటే అడుగున చిన్న టెక్స్ట్ ఫైల్ కనిపించింది, 2014 తారీఖుతో. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'ఇది పడిందంటే పని అయినట్టే'. అన్న పెట్టుకున్న టెస్ట్ ఫైలు. ఓనర్ దగ్గర మళ్లీ అదే నంబరు.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాను, ఆయనకి పొద్దున ఆరున్నర. క్లయింట్ సంగతులు బయటివాళ్లతో మాట్లాడకూడదు. ఇదంతా కట్టిన మనిషే ఇప్పుడు బయటివాడు. అందుకే సర్వర్ పేరూ ఎత్తలేదు, ఊరికే అడిగాను, అన్నా, అప్పట్లో నీ ఐడీ ఎందుకు పెట్టావు అని.

"టెంపరరీ అన్నారు తమ్ముడూ."

90 రోజులకోసారి పాస్‌వర్డ్ మారేది. మారిన ప్రతిసారీ 23 చోట్లా చేత్తో కొత్తది కొట్టేవాడట. ఇండియాకి సెలవు మీద వెళ్లే ముందు రోజు, గడువు ఇంకా ఉన్నా సరే, మార్చేసి 23 చోట్లా కొట్టి మరీ ఫ్లైట్ ఎక్కేవాడట, అక్కడ ఉండగా గడువు అయిపోతుందేమోనని. పక్క సీట్లో మూడేళ్లు కూర్చున్నాను, నాకు తెలియదు. రిపోర్టింగ్ సర్వర్ 2016 వెర్షన్ నుంచి, షేర్‌లో రాసే అకౌంట్ ఒకేచోట పెట్టి అన్ని సబ్‌స్క్రిప్షన్లకీ వాడుకునే వీలుంది. మా సర్వర్ అప్‌గ్రేడ్ అయ్యి చాలాకాలమైనా ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. కాంట్రాక్టు రెన్యువల్ ప్రతి డిసెంబర్‌లోనే కదా.

అన్న పేరో నంబరో ఉన్న చోటల్లా ఓనర్‌ని మార్చేశాను. టెస్ట్ ఫైల్ తీసేయలేదు, కొత్త ఫోల్డర్‌లోకి అదీ వచ్చింది.

ఫిబ్రవరి 1 తెల్లవారి ఆరూ ఐదుకి మంచం మీదే లాప్‌టాప్ తెరిచి చూస్తుంటే వాట్సాప్ మోగింది. హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగున్నర దాటింది.

"పడ్డాయా?"

"పడ్డాయి అన్నా, 23."