ట్రూ క్రైమ్ పుస్తకాన్ని వెనక నుంచి తెరవాలి

నిజంగా జరిగిన హత్య మీద రాసిన పుస్తకం చేతికొస్తే మొదటి అధ్యాయం జోలికి వెళ్లకండి. ముందు వెనక పేజీలు తిప్పండి. ఏ కోర్టు రికార్డులు చూశారు, ఎవరెవరితో మాట్లాడారు, ఏ పేజీలోని ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నది పేజీలవారీగా రాసి ఉందా? ఉంటే ఆ రచయితను నమ్మి ముందుకు వెళ్లొచ్చు. "ఎంతోమందితో మాట్లాడాను, పత్రాలు పరిశీలించాను" అని ఒక్క పేరాలో తేల్చేస్తే మాత్రం దాన్ని నవల కింద లెక్కేసుకుని చదవడం మేలు. పేర్లు మార్చామనో, ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకే పాత్ర చేశామనో చిన్న అక్షరాల్లో ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి. అలా కలిపేస్తే ఎవరు ఏం చూశారో, ఎవరు ఎవరికి చెప్పారో ఇక తేల్చుకోలేం.

తర్వాతి పరీక్ష సంభాషణలకి. చనిపోయిన మనిషి ఆఖరి రాత్రి ఏమన్నాడో, ఏమనుకున్నాడో పూసగుచ్చినట్టు రాసేస్తారు. అక్కడ ఆగాలి. ఆ మాట విన్నవాళ్లలో మిగిలింది ఎవరు? హంతకుడొక్కడే అయితే మనం చదువుతున్నది, శిక్ష తగ్గించుకోవాలని చూసే మనిషి చెప్పిన కథ. ఎవరూ మిగల్లేదంటే అది రచయిత ఊహ. ఊహించడం తప్పని నేననను. "ఇలా అని ఉండొచ్చు" అని ఒక్క ముక్క చేర్చకపోవడమే తప్పు.

ఈ విషయంలో ట్రూమన్ కపోటీ 'ఇన్ కోల్డ్ బ్లడ్' గురించి చెప్పుకోక తప్పదు. 1959 నవంబరు 15న కాన్సస్ రాష్ట్రంలోని హోల్కంబ్‌లో క్లటర్ కుటుంబానికి చెందిన నలుగురు హత్యకు గురయ్యారు. ఆ కేసు మీద కపోటీ రాసింది 1965లో న్యూయార్కర్ పత్రికలో నాలుగు భాగాలుగా వచ్చి, మరుసటి ఏడు పుస్తకమైంది. ఇందులో ప్రతి అక్షరం నిజమేనని ఆయన గట్టిగా చెప్పుకున్నాడు. చివర్లో శ్మశానంలో డిటెక్టివ్‌కి, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలికి మధ్య ఒక నెమ్మదైన సన్నివేశం ఉంది. అది జరగనే లేదు. ఉరితీతతో పుస్తకాన్ని ముగించడం ఇష్టం లేక కల్పించాడు. వాక్యాల అందం వరకు ఆ పుస్తకానికి సాటి వచ్చేవి చాలా తక్కువ, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. కానీ అతికినట్టు కుదిరిన ముగింపు కనిపిస్తే అనుమానించాలని నేర్పేది కూడా అదే పుస్తకం. నిజం కేసులు అంత చక్కగా ముగియవు.

మొదటి ముద్రణ ఏ సంవత్సరమో చూడటం మర్చిపోవద్దు. తీర్పు వచ్చిన కొద్ది నెలలకే వచ్చిన పుస్తకం సాధారణంగా పోలీసుల వైపు నుంచే నడుస్తుంది. అప్పటికి మాట్లాడటానికి ముందుకొచ్చేది వాళ్లే. అప్పీలులో కేసు తిరగబడి ఉండొచ్చు, డీఎన్ఏ పరీక్షలో వేరే మనిషి తేలి ఉండొచ్చు. కొత్త ఎడిషన్ దొరికితే అదే చదవండి, అందులో చేర్చిన చివరిమాటతో సహా. పాడ్‌కాస్టులతో నాకున్న పేచీ కూడా ఇదే. వినేటప్పుడు తిప్పి చూసుకోవడానికి వెనక పేజీలుండవు.

హతుల గురించి ఎన్ని పేజీలున్నాయో కూడా లెక్కపెట్టండి. హంతకుడి బాల్యానికి మూడు అధ్యాయాలిచ్చి, చనిపోయిన మనిషికి ఒక పేరా ఇచ్చే పుస్తకాలే ఎక్కువ. హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో తెచ్చిన 'ద ఫైవ్' దీన్ని తలకిందులు చేసింది. 1888లో లండన్‌లో, ఎవరో ఇప్పటికీ తేలని హంతకుడు జాక్ ద రిప్పర్ చేతిలో చనిపోయారని చెప్పే ఐదుగురు స్త్రీల బతుకులే ఆ పుస్తకం. హంతకుడెవరన్న ఊహాగానం లేదు, హత్యల వర్ణన లేదు. అందరూ వేశ్యలేనన్న పాత మాటకు ఐదుగురిలో ముగ్గురి విషయంలో ఆధారమే లేదని ఆమె వాదన. వందేళ్లకు పైగా అచ్చవుతూ వచ్చిన మాటకు ఎవరూ ఆధారం అడగలేదన్నమాట.

డిటెక్టివ్ నవలను ఇలా నిలదీయక్కర్లేదు. అక్కడ చూడాల్సింది న్యాయంగా ఆడారా లేదా అన్నదే. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలని డిటెక్టివ్ నవలలు రాసిన రోనల్డ్ నాక్స్ 1929లోనే నియమం పెట్టాడు. మంచి రచయితలు ఆధారాన్ని దాచరు, కళ్లెదుటే పెట్టి చూపు మళ్లిస్తారు. గదిలో ఉన్న ఆరు వస్తువుల పేర్లు వరసగా చెబితే అసలైనది నాలుగోది కావచ్చు. లేదా కీలకమైన మాట పడగానే ఎవరో తలుపు బాదుతారు. హంతకుడు తెలిశాక వెనక్కి వెళ్లి ఆ చోటు వెతకండి. దొరక్కపోతే ఆ నవల మోసం చేసినట్టే.

చిన్న కథ మాత్రం ఒక్క బైఠకులో చదవాలి. అరగంట నుంచి రెండు గంటల్లోపు చదవగలిగితేనే దాని ప్రభావం చెదరకుండా ఉంటుందని ఎడ్గార్ అలన్ పో 1842లో రాశాడు. కథను రాత్రి సగం, పొద్దున సగం చదివి "ఏముంది ఇందులో" అనడం అన్యాయం.

కథలో కోత ఏం చేస్తుందో చూడాలంటే రేమండ్ కార్వర్ రాసిన ఒకే కథ రెండు రూపాల్లో దొరుకుతుంది. పుట్టినరోజున కారు గుద్దిన పిల్లవాడు, ఆస్పత్రిలో తల్లిదండ్రులు, కేకు తీసుకెళ్లలేదని ఫోన్లు చేసే బేకరీ మనిషి. ఎడిటర్ గోర్డన్ లిష్ కత్తిరించగా 1981లో వచ్చిన 'ద బాత్' ఫోన్ దగ్గరే ఆగిపోతుంది, పిల్లవాడి సంగతి తేలదు. 1983 సంపుటిలోని 'ఎ స్మాల్, గుడ్ థింగ్'లో పిల్లవాడు చనిపోతాడు, తల్లిదండ్రులు కోపంతో బేకరీకి వెళ్తారు, చివరికి ముగ్గురూ తెల్లారేదాకా రొట్టె తింటూ కూర్చుంటారు. చిన్నది భయపెడుతుంది. నా ఓటు పెద్దదానికే, ఎందుకంటే బేకరీ మనిషి అందులో మాత్రమే మనిషిగా కనిపిస్తాడు. చదివేవాళ్లు చిన్నదానితో మొదలుపెట్టండి. పెద్దది ముందు చదివితే పిల్లవాడికి ఏమైందో తెలిసిపోయి, చిన్నదాని చివర్లో మోగే ఫోన్‌కి ఉలిక్కిపడరు.