ముందు అట్టముక్క, ఆ తర్వాతే అల్యూమినియం

మొన్న విజయవాడ పటమటలో ఒక స్కూలు పిల్లలు తమ రోబో చూడమని పిలిస్తే వెళ్లాను. బల్ల మీద అల్యూమినియం ఛాసిస్ (బండి చట్రం) తళతళా మెరుస్తోంది, నాలుగు చక్రాలు, వైర్లన్నీ నీట్‌గా ట్యాగులు వేసి కట్టారు. చాలా శ్రద్ధగా చేశారు. "బంతిని తీసుకునే భాగం ఏదిరా?" అంటే, "అది ఇంకా మొదలుపెట్టలేదు సార్, బండి అయ్యాక చేద్దామని" అన్నారు. పోటీకి ఇంకా 12 రోజులే ఉంది. నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే పోయినేడాది మా టీమ్ పిల్లలతో నేను చేయించిందీ అచ్చం ఇదే.

పోయినేడాది సంగతి చెప్తాను. ఆట ఏమిటంటే నేల మీద టెన్నిస్ బంతులు పరిచి ఉంటాయి, 2 నిమిషాల్లో ఎన్ని తీసి పెట్టెలో వేస్తే అన్ని పాయింట్లు. మేం మూడు వారాలు ఛాసిస్ మీద కూర్చున్నాం. బంతిని పట్టే గ్రిప్పర్‌కి మిగిలింది నాలుగు రోజులు. రెండు వేళ్ల గ్రిప్పర్, సర్వో మోటారుతో (చెప్పినంత కోణమే తిరిగి ఆగే మోటారు) మూసుకుంటుంది, బల్ల మీద పెట్టి చూస్తే భలే పట్టేది. కానీ గ్రౌండ్‌లో బండిని రిమోట్‌తో నడుపుతూ ఆ రెండు వేళ్ల మధ్యకి బంతి సరిగ్గా వచ్చేలా తీసుకెళ్లాలి కదా, సెంటీమీటరు అటూ ఇటూ అయితే వేలు తగిలి బంతి దొర్లిపోతుంది, మళ్లీ దాని వెనక పరుగు. 2 నిమిషాల్లో 3 బంతులు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ మాట్లాడలేదు. గుంటూరు దాటాక ఎనిమిదో తరగతి పాప ఒకటే అడిగింది: "అన్నయ్యా, బంతి తీసే పని ముందే ఎందుకు చూసుకోలేదు మనం?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. అసలు ఆటంతా ఆ బంతి దగ్గరే ఉంది. బండి నడవడం అనేది ఎలాగూ అవుతుంది, కొన్ని వేల మంది చేసి చూపించిన పని అది. అవుతుందో లేదో తెలియని పని ఏదో దాన్నే ముందు పట్టుకోవాలి, అదీ పారేసినా బాధ కలగని వస్తువులతో.

అమెరికాలో ఫస్ట్ అనే సంస్థ హైస్కూలు పిల్లలకి పెట్టే రోబోటిక్స్ పోటీలో ఆట వివరాలు జనవరిలో బయటపెడతారు, 2019 దాకా రోబో కట్టడానికి ఆరు వారాలే ఇచ్చేవారు. 2013 నుంచి అక్కడ కొన్ని బృందాలు ఆట ప్రకటించిన మూడు రోజుల్లోనే ఒక రోబో కట్టేసి, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు అన్నది అందరికీ చూపించడం మొదలుపెట్టాయి. ఆ వీడియోలు పిల్లలతో కూర్చుని చూస్తుంటే నాకు నచ్చినదేమిటంటే, మొదట్లో వాళ్ల చేతిలో కనిపించేవి ఎక్కువగా ప్లైవుడ్ ముక్కలు, ఒక చేతి డ్రిల్లు. మోటారు బిగించడం దాకా కూడా వెళ్లరు, డ్రిల్లుతోనే రోలర్ (బంతిని లోపలికి లాగే గుండ్రటి కడ్డీ) తిప్పి బంతి వస్తుందా రాదా చూసేస్తారు.

అందుకే ఈసారి మా గదిలో మొదటి వారం ఇనుము, అల్యూమినియం ముట్టుకోకూడదు అని పెట్టుకున్నాం. ఫ్లెక్సీ షాపుల్లో మిగిలిపోయిన సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక) ముక్కలు, ఫ్రిజ్ అట్టపెట్టె, వడ్రంగి షాపు దగ్గర ప్లైవుడ్ తుక్కు, పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబులు, 32 ఎంఎం పీవీసీ పైపు ఒక మూర. ఇంతే. గ్లూ గన్ పుల్లలు మాత్రం ఎక్కువే అయ్యాయి.

ఈసారి గ్రిప్పర్ బదులు రోలర్ పెట్టాం. దాని సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పైపుకి సైకిల్ ట్యూబు చుడితే దాదాపు 40 ఎంఎం లావు అవుతుంది. అది తిరుగుతుంటే బంతి దాని కింద దూరి లోపలికి రావాలి. టెన్నిస్ బంతి 66 ఎంఎం అటూ ఇటూగా ఉంటుంది, మరి రోలర్‌కీ నేలకీ మధ్య ఎంత సందు ఉండాలి? ఎక్కువైతే రబ్బరు బంతిని పట్టదు, తక్కువైతే బంతి ఇరుక్కుంటుంది. దీనికి లెక్క వేయడం కన్నా చేసి చూడటం తేలిక. రెండు ప్లైవుడ్ పలకలకి రకరకాల ఎత్తుల్లో బెజ్జాలు వేశాం, ఏ బెజ్జంలో రోలర్ బోల్టు పెడితే ఆ సందు వస్తుంది. ఎత్తులో తేడా 2 ఎంఎం మాత్రమే, బోల్టు 8 ఎంఎం, ఒకదాని మీద ఒకటి వేస్తే బెజ్జాలు కలిసిపోతాయి. పిల్లల్లో ఒకడు వాటిని మెట్లలాగా పక్కకి జరుపుకుంటూ వెయ్యొచ్చు అన్నాడు. 64, 62, 60, 58, 56 అని పెన్సిల్‌తో పక్కనే రాశారు. పైపు చివర మూతలోంచి వచ్చిన బోల్టుకి డ్రిల్లు తగిలించి, ఒకరు ట్రిగ్గర్ నొక్కుతుంటే ఇంకొకరు బంతి తోస్తూ, ఒక్కో బెజ్జానికి 10 బంతులు.

64 దగ్గర 4 వచ్చాయి. 62 దగ్గర 7. 60 దగ్గర పదికి పదీ, చప్ అని లోపలికి లాగేసుకుంది, గది అంతా ఒకటే అరుపులు. 58 దగ్గర కూడా 10 వచ్చాయి కానీ డ్రిల్లు మూలుగుతోంది. 56 దగ్గర బంతి మధ్యలో ఇరుక్కుపోయి రోలర్ ఆగిపోయింది. గంటన్నరలో తేలిపోయింది ఇదంతా. తర్వాత ఆ పాపే, పోయినేడాది అడిగిన పాపే, క్రికెట్ ఆడి ఆడి బొచ్చు ఊడిన పాత బంతులు తెచ్చి మళ్లీ పరీక్ష పెట్టించింది, ఎందుకంటే పోటీలో కొత్త బంతులే ఇస్తారని ఎవరు చెప్పారు? పాత వాటికి 60 చాలలేదు. చివరికి 59 కి ఖాయం చేసుకున్నాం.

ఇంకో సంగతి వేగం. రోలర్ అంచు వేగం బండి వేగం కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే బండి బంతిని ముందుకు నెట్టుకుంటూ పోతుంది తప్ప మింగదు. మా చక్రం 65 ఎంఎం, మోటారు 200 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 200 చుట్లు), అంటే బండి సెకనుకి 68 సెంటీమీటర్లు పోతుంది. 40 ఎంఎం రోలర్ ఆ వేగాన్ని అందుకోవాలంటేనే 325 ఆర్‌పీఎమ్ కావాలి, రెట్టింపు పెట్టుకోవడం మంచిదంటారు కాబట్టి 650. మా దగ్గర బొమ్మ కార్లలో ఉండేలాంటి పసుపురంగు బీఓ మోటార్లు బోలెడున్నాయి, అదే 100 ఆర్‌పీఎమ్ రకం, పిల్లలు ఉచితంగా ఉన్నాయి కదా అని అవే పెడదామన్నారు. సరే పెట్టి చూడండి అన్నాను. బంతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బండి ముందు దొర్లుకుంటూ వెళ్లింది. లెక్క అప్పుడు అడిగారు వాళ్లే.

త్రీడీ ప్రింటర్ ఉంటే చాలు అనుకునేవాళ్లకి ఒక మాట. మంచి యంత్రమే, నాకూ ఇష్టమే. కానీ ఒక గ్రిప్పర్ వేలు ప్రింట్ అవ్వడానికి మూడు గంటలు పడితే, మధ్యలో కరెంటు పోతే, ఆ సాయంత్రానికి మీరు ఒక్క ఆలోచనే పరీక్షించగలరు. కత్తెర, అట్టతో అదే టైంలో పది చూస్తారు. పైగా ఆ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన బెజవాడ ఎండలో కిటికీలు మూసిన కారులో ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఏప్రిల్లో వెనక అద్దం కింద పెట్టిన మా బ్రాకెట్ సాయంత్రానికి వంకర తిరిగింది. ప్రింట్ చెయ్యండి, కొలతలు తేలాక.

కొండపల్లి ఇక్కడికి దగ్గరే కదా, పిల్లల్ని ఒక ఆదివారం తీసుకెళ్లాను. అక్కడివాళ్లు బొమ్మకి చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. వాళ్లు వాడే తెల్ల పొణికి చెక్క చేతిలో పెట్టి చూస్తే బరువే ఉండదు, చాకుతో చెక్కేయొచ్చు. వాళ్లనడిగి నాలుగు ముక్కలు తెచ్చుకున్నాం, బంతిని పైకి ఎత్తే చెయ్యి మొదట దాంతోనే చేశారు పిల్లలు. ఎక్కడ విరిగిందో చూసి అక్కడ మాత్రం మందం పెంచారు.

లేత్ షాపులుండే ఆటోనగర్‌లో కూడా ఇలా ముందు చెక్కతో చేసుకోవడమే పనికొచ్చింది. మోటారు షాఫ్టునీ రోలర్‌నీ కలపడానికి ఇత్తడి కప్లింగ్ కావాలి. పిల్లలు ఫోన్లో డ్రాయింగ్ చూపిస్తే లేత్ మేస్త్రి ఒకసారి చూసి, "ఇది కాదమ్మా, శాంపిల్ ఉందా?" అన్నాడు. సంచిలోంచి చెక్కతో చేసింది తీసి ఇచ్చారు. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి, వెర్నియర్‌తో కొలిచి, "గ్రబ్ స్క్రూ ఒకటే పెట్టారు, జారిపోద్ది బాబూ, రెండు పెట్టుకోండి" అని చెప్పి అరగంటలో చేసిచ్చాడు. కప్లింగ్‌ని షాఫ్టుకి బిగించి పట్టే ఆ రెండో స్క్రూ మాకు తట్టనే లేదు.

ఎలక్ట్రానిక్స్ గురించి క్లుప్తంగా చెప్తాను. మోటార్లని నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డులోనే 2 వోల్టుల దాకా పోతుంది, 7.4 వోల్టుల బ్యాటరీ పెట్టి మోటారుకి మొత్తం అందుతుందనుకోవద్దు. పెద్ద సర్వోని ఆర్డ్యూయినో (రోబోకి మెదడులాంటి చిన్న బోర్డు) 5 వోల్టుల పిన్ను నుంచి నడపొద్దు, సర్వో గట్టిగా లాగినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంది. సర్వోకి వేరే బక్ కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే బోర్డు) పెట్టి, రెండింటి గ్రౌండ్లు (నెగటివ్ వైర్లు) కలపండి.

2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు (స్కూళ్లలో పిల్లలు సొంతంగా వస్తువులు చేసి నేర్చుకునే ప్రభుత్వ ల్యాబులు) మొదలైనప్పటి నుంచి చాలా స్కూళ్లకి పరికరాలు వచ్చాయి, సంతోషం. కానీ నేను చూసిన ఒకటి రెండు చోట్ల అవి బీరువాలో తాళం వేసి ఉన్నాయి, పాడవుతాయని భయం. టీచర్లని తప్పుపట్టడం లేదు, లెక్క చెప్పాల్సింది వాళ్లే కదా. బీరువా తెరిచేదాకా ఆగకుండా పిల్లలకి ఒక కత్తెర, అట్టపెట్టె, పాత డ్రిల్లు ఇవ్వండి చాలు, పక్కన పెద్దవాళ్లు ఒకరుండి, కళ్లద్దాలు పెట్టించి.

పటమట పిల్లల దగ్గరికి నిన్న సాయంత్రం మా పెన్సిల్ గీతల పలకలు రెండూ తీసుకుని వెళ్లాను. ఛాసిస్ పక్కన పెట్టేయండి, పర్వాలేదు, అది ఎక్కడికీ పోదు అన్నాను. మొదట ముఖాలు చిన్నబోయాయి. ఏడున్నరకి వాచ్‌మన్ గేటు వేస్తానని వచ్చేసరికి 60 దగ్గర వరసగా ఆరో బంతి లోపలికి వెళ్తోంది. "అంకుల్, ఇంకో నాలుగే!" అని అందరూ ఆయన్ని బతిమాలుతున్నారు. ఆయన తాళంచెవులు జేబులో వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు.