చీనీ తోటలో తేనె పెట్టెలు, కింద తడి మట్టి

అనంతపురం జిల్లా నార్పల వైపు చీనీ (బత్తాయి) తోటల్లో తేనె పెట్టెలు పెట్టుకునే మాకు ఇన్నాళ్లూ మైనపు పురుగు అంటేనే భయం. ఇప్పుడు నా టెన్షనంతా తేనె పెట్టెల్లో చేరే చిన్న పెంకు పురుగు (స్మాల్ హైవ్ బీటిల్) మీద. దాని పుట్టిల్లు ఆఫ్రికా. 1998లో అమెరికాలోని ఫ్లోరిడాలో, 2014లో ఇటలీలో, 2022లో మన పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది.

"మన ఎండలకు అది యాడ బతుకుతాదిలేన్నా" అన్నాడు తోట రైతు. అందులో సగం నిజముంది. దీని పిల్లపురుగులు పెట్టెలో పుప్పొడి, తేనె, తేనెటీగల పిల్లల్ని తిని బలిసి, బయటికి పాకి నేలలోకి దిగుతాయి. జానెడు లోతులోపే ఉండి, మూడు నాలుగు వారాలకు పెంకు పురుగులై లేస్తాయి. ఎండి బిగిసిన నేలలో వాటికి కష్టం. కానీ మనం పెట్టెలు పెట్టేదెక్కడ? డ్రిప్పు పక్కన, చెట్టు నీడన, ఎప్పుడూ తడారని మెత్తటి మట్టి మీద! అందుకే నేను స్టాండ్లను పాదుల దగ్గర్నుంచి తీసి గట్టి నేలకు మార్చి, ఎండ తగలకుండా పైన జొన్నచొప్ప కప్పాను. మెత్తటి మట్టి కోసం ఆ పురుగు చాలా దూరం పాకగలదు కాబట్టి ఇదొక్కటే చాలదు.

అది చేరిన పెట్టెలో తేనె పులిసి, నురగ కట్టి కారుతుంది. కుళ్లిన నారింజ వాసన వస్తుందంటారు. చీనీ తోటలో ఆ గుర్తును నమ్ముకోలేం, రాలి కుళ్లిన కాయల వాసన ఎప్పుడూ ఉండేదే. కళ్లతోనే చూసుకోవాలి. మూత ఎత్తగానే ముదురు గోధుమ రంగులో, 5 నుంచి 7 మిల్లీమీటర్ల పురుగు వెలుతురు తగలని మూలకు పరుగెడుతుంది. పిల్లపురుగుకు తల దగ్గర మూడు జతల కాళ్లే ఉంటాయి. మైనపు పురుగులాగా గూడు అల్లదు.

బలమైన ఈగలు దాన్ని మూలలకు తరిమి కాపలా కాస్తాయి. పూత లేని ఎండాకాలంలో ఈగలు తగ్గినప్పుడు ఖాళీ ఫ్రేములు తీసేయండి. తీసిన తేనెపట్లను గదిలో పేర్చి వదిలేయకుండా ఒకటి రెండు రోజుల్లోనే తేనె పిండేయండి. పెట్టెలో మందు మాత్రం కొట్టొద్దు, ముందు చచ్చేది ఈగలే.

ఈ పూతకు కొత్త పెట్టెలు కొనేవాళ్లు అవి ఏ ఊర్ల నుంచి తిరిగొచ్చాయో అడగండి. అడుగు పలక ఎత్తి చూశాకే డబ్బులివ్వండి. కొన్నాళ్లు మీ పాత పెట్టెలకు దూరంగా ఉంచండి. అనుమానపు పురుగు దొరికితే చంపి, సీసాలో స్పిరిట్‌లో వేసి, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే)లో చూపించండి.