ఆరు నిమిషాల టీ

సిన్‌చు, డిసెంబరు, ఆదివారం

రాత్రంతా గాలి. తైవాన్‌లో ఈ ఊరికి గాలి నగరమని పేరు. ఆ పేరు ఊరికే రాలేదని చలికాలం రాగానే ఈశాన్య గాలులు కిటికీ రెక్కలు పట్టుకుని మరీ గుర్తు చేస్తాయి. పొద్దున లేచి చూస్తే బాల్కనీలో ఆరేసిన తువ్వాలు పక్కవాళ్ల బాల్కనీలో ఉంది. తెచ్చుకోవడానికి నాకు వచ్చిన చైనీసు చాలలేదు, సైగలతో పని కానిచ్చాను. ఇక ఇవాళ గడప దాటకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

పోయిన వారం అలిషాన్ కొండల్లోని షిజువో అనే టీ ఊరి నుంచి తెచ్చుకున్న పొట్లం ఇంకా విప్పలేదు. గాలి లాగేసి మూసిన పొట్లం, ఇటుక ముక్కలా గట్టిగా ఉంది. ఇక్కడ టీని జిన్ లెక్కన అమ్ముతారు. తైవాన్ జిన్ అంటే 600 గ్రాములు. నాది పావు జిన్, 150 గ్రాములు. అంతకు మించి కొనే ధైర్యం నా జేబుకు లేదు.

అలిషాన్ టీ అంటే అలిషాన్ శిఖరం మీద పండుతుందని చాలా రోజులు అనుకున్నాను. చిన్న రైలెక్కి వెళ్లే ఆ అడవి 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ ఉన్నవి మబ్బులు, ముసలి సైప్రస్ చెట్లు, సూర్యోదయం కోసం వణుకుతూ నిలబడ్డ జనం. టీ తోటలన్నీ దానికి దిగువన, 1,000 నుంచి 1,600 మీటర్ల మధ్యన. షిజువో 1,300 మీటర్ల దగ్గర ఉంటుంది. వెయ్యి దాటితేనే దాన్ని ‘గావ్‌షాన్ చా’, అంటే ఎత్తుకొండల టీ అంటారు. మన లంబసింగి ఎత్తు కూడా ఇంచుమించు వెయ్యే కనుక ఈ లెక్కన అది సరిగ్గా గడప మీద నిలబడి ఉందన్న మాట. విశాఖ జిల్లావాడిని, ఇలాంటి లెక్కలు వేయకుండా ఉండలేను.

అక్కడ మధ్యాహ్నానికల్లా పొగమంచు దిగుతుంది. పగలు ఎండ, రాత్రి చలి, ఈ రెండింటి మధ్య ఆకు మెల్లగా పెరిగి మందంగా తయారవుతుంది. వగరు తగ్గుతుంది, తీపి నిలుస్తుంది. కోత మనుషులు చూపుడు వేలికి బ్లేడు ముక్క కట్టుకుని కాడను తెంపుతారు. ఆ వేళ్లు కదిలే వేగం చూసి నా వేలు నేనే పట్టుకున్నాను. కోసిన ఆకును ఎండలో కొద్దిసేపు, నీడలో చాలాసేపు వాడబెడతారు. మధ్యమధ్యన చేటల్లో కుదుపుతారు. అంచులు నలిగి పరిమళం పుట్టేది అప్పుడే. తరువాత వేడికి తిప్పి, గుడ్డలో మూటకట్టి, విప్పి, మళ్లీ కట్టి, బఠాణీ గింజల్లా అయ్యేదాకా నలుపుతారు.

తోటలో టీ రుచి చూపించిన పెద్దావిడ నా పరువు తీసింది. ఈ ఆకు సుకుమారమని ఎక్కడో చదివి రెండేళ్లుగా నేను నీళ్లను 80 డిగ్రీల దాకా చల్లార్చి పోస్తున్నాను. గ్రీన్ టీకి చెప్పే సూత్రం దీనికి అంటించాను. ఆవిడ కుతకుతలాడే నీళ్లు అలాగే ఎత్తి పోసింది. “గుండ్రంగా చుట్టుకున్న ఆకు, వేడి లేకపోతే ఎందుకు విచ్చుకుంటుంది?” అంది. ఆ ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అంతకన్నా వేడి కావాలన్నా దొరకదు.

అందుకని ఇవాళ భయం వదిలేసి, టీ పోటీల్లో న్యాయనిర్ణేతలు చేసే పద్ధతిలోనే చేద్దామనుకున్నాను. మూడు గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, ఆరు నిమిషాలు. ఉండ చుట్టిన ఊలాంగ్‌కు, అంటే గ్రీన్ టీకీ నల్ల టీకీ మధ్యస్థంగా ఉండే ఈ రకానికి, ఇదే కొలత. లుగు అనే టీ ఊళ్లో రైతు సంఘం జరిపే పోటీకి వచ్చే వేల నమూనాలు ఇలాంటి పరీక్షకే నిలబడతాయి. ఉద్దేశం రుచిగా తాగడం కాదు, ఆకులో దాగిన తప్పులన్నీ బయటికి లాగడం.

రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో షిజువో చలికాలపు కోత, చింగ్‌సిన్ రకం. రెండోదాంట్లో సంతలో కొన్న డబ్బా టీ. దాని మీద కొండ బొమ్మ ఉంది, ఎత్తుకొండల టీ అని ఉంది, ఏ ఊరి కొండో మాత్రం లేదు. వియత్నాంలో పండిన ఆకును తైవాన్ కొండల పేరుతో అమ్మడం ఇక్కడ పాత గొడవే. నా డబ్బా ఎక్కడిదో దానికే తెలియాలి.

ఆరు నిమిషాలు చాలా పొడుగు. వంచాక ముందు వాసన చూశాను. డబ్బా టీ వాసనతో గది నిండిపోయింది! సన్నజాజులు గుప్పెడు విసిరినట్టు. షిజువోది లేత మొక్కజొన్న కంకి ఉడుకుతున్నప్పటి వాసన, వెనక కొంచెం వెన్న. అంతే. వేడిగా తాగినప్పుడు కూడా డబ్బాదే గెలుపు. ఆరు వందల తైవాన్ డాలర్లు కళ్ల ముందు తిరిగాయి.

ఇంటి యజమాని తలుపు తట్టింది సరిగ్గా అప్పుడే, అద్దె గురించి కాదు, ఆయన గుమ్మంలో పూలకుండీ పగిలిందట, గాలికి. ఎనభై దగ్గర పడిన మనిషి. ‘అ-గోంగ్’ అని పిలుస్తాను, అంటే తాతగారు. గిన్నెలు చూడగానే కుండీ సంగతి మరిచిపోయారు. ఏది ఏదో చెప్పకుండా ముందు పెట్టాను. తాగలేదు. కుర్చీలో కూర్చుని ఊరికే చూశారు.

“చల్లారనియ్యి. వేడి మీద అన్నీ మంచివే.”

పది నిమిషాల తరువాత రెండు చెంచాలు జుర్రి, డబ్బా టీ గిన్నెను వేలితో పక్కకు నెట్టారు. నేనూ తాగాను. సన్నజాజులు ఎటు పోయాయో పోయాయి. నాలుక మీద వగరు పచ్చి అరటికాయలా పట్టుకుని కూర్చుంది. షిజువో టీ మాత్రం చల్లారేకొద్దీ చిక్కబడింది. మింగిన కాసేపటికి గొంతు వెనక నుంచి తీపి లేచి వచ్చింది. దీన్ని ఇక్కడివాళ్లు ‘హుయ్‌గాన్’ అంటారు, తిరిగి వచ్చే తీపి.

“ఆకు చెడ్డది కాదు. తొందరపడ్డారు. వాడబెట్టేటప్పుడు ఆకులోని తేమ సరిగా పోలేదు,” అన్నారు డబ్బా టీ గురించి. మరి షిజువోది బాగున్నట్టేనా అని అడిగాను. “బాగుంది. కానీ మీ కాలపు టీ అంతా పచ్చి. వాసన కోసం కడుపు పాడు చేసుకుంటారు.” ఆయన మనసంతా నిప్పుల సెగ తగిలిన దాంగ్‌డింగ్ మీదే. అది ఎనిమిది వందల మీటర్లు కూడా దాటని కొండల్లో పుట్టి, తరువాత ఎత్తుకొండల మోజులో వెనకబడిన టీ. కడుపు మాట మాత్రం నిజం. పొద్దున్నించి ఏమీ తినకుండా మూడు గిన్నెలు తాగినందుకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి. ఇద్దరికీ ఉప్మా చేశాను. ఆయన ఆవాలన్నీ ఏరి పక్కన పెట్టి తిన్నారు.

మధ్యాహ్నం అమ్మ ఫోను. వీడియోలో గిన్నె చూసింది.

“పాలేవిరా?”

“దీనికి పాలుండవమ్మా.”

“చక్కెరైనా వేశావా?”

వేయలేదన్నాను. ధర చెప్పమంది. తైవాన్ డాలర్లలో చెప్పి ఊరుకున్నాను, రూపాయల్లోకి మార్చలేదు. అయినా ఆవిడ చూపు మారింది. గడ్డి నీళ్లకు అంత పోశావా అంది. పరిమళం, పొగమంచు, ఎత్తు, ఏది చెప్పినా ఆవిడ దగ్గర నిలబడలేదు. చివరికి, ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే ఎలా ఉంటుంది, అలా ఉంటుందన్నాను.

“అలా చెప్పరా మరి,” అంది. “ఈసారి వచ్చేటప్పుడు కాస్త పట్రా.”

తరువాత అదే షిజువో ఆకును గైవాన్‌లో మామూలుగా పోసుకున్నాను. మూతగిన్నెలో ఆరు గ్రాములు, మరిగే నీళ్లు, మొదటిసారి నిమిషం, రెండోసారి అంతకన్నా తక్కువ, ఆ తరువాత కొంచెం కొంచెం పెంచుతూ. ఏడుసార్లు వచ్చింది. మూడోసారిది అన్నిటికన్నా బాగుంది. అయిదోసారికి పరిమళం సన్నగిల్లి తీపి ఒక్కటే మిగిలింది. ఆకు తీసి పళ్లెంలో విప్పి చూస్తే కాడ, దానికి మూడు ఆకులు, అంచుల్లో కుదిపినప్పటి ఎర్రటి నలుగుడు గీత. బఠాణీ గింజంత ఉండలో ఇంత ఆకు ఎలా పట్టిందో!

డబ్బా టీ ఇంకా ముప్పాతిక వంతు మిగిలే ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం అల్లం దంచి, రెండు చెంచాల ఆకు వేసి, పాలు పోసి బాగా మరిగించాను. వగరున్న ఆకు పాలకు తట్టుకుని నిలబడింది. గ్లాసు నిండా తాగి, ఇంకో అర గ్లాసు కూడా పోసుకున్నాను. ఈ సంగతి అ-గోంగ్‌కు చెప్పలేదు.